కిటికీ దగ్గర కొలిచిన పాలు

నన్ను చిన్నబుచ్చిన వాళ్ళ పేర్లన్నీ నాకు గుర్తున్నాయి. ఎవరి ముందు అన్నారో, అన్నాక ఎవరెవరు నవ్వారో కూడా చెప్పగలను. అయినా ఇందులో ఒక్క పేరు కూడా రాయను. మర్యాద కోసం అనుకునేరు, కాదు. ఎవరి మాట వాళ్ళకి తెలుసు. చదివితే తగలాల్సిన చోట తగులుతుంది. నాకది చాలు.

కోయంబత్తూరులో ఒక పెద్ద ప్రైవేటు ఆస్పత్రిలో పసిపిల్లల డాక్టరుగా చేసి రిటైరయ్యాను. నెలలు నిండక ముందే పుట్టిన బిడ్డల వార్డు నాది. నాది అంటున్నాను గానీ, పెద్ద కుర్చీ నాకు ఎప్పుడూ ఇవ్వలేదు. నాకన్నా బాగా చిన్నవాణ్ణి, విదేశంలో చదివొచ్చాడని, తెచ్చి నా మీద కూర్చోబెట్టారు. ఆయన చెడ్డవాడు కాడు. ఈ వాక్యం రాయడానికి నాకు చాలా కాలం పట్టింది.

నా వీడ్కోలు సభలో ఒకాయన మైకు పట్టుకుని, "ఈ మేడమ్ కంప్లైంట్ చేయని వస్తువు ఈ ఆస్పత్రిలో ఒక్కటి చూపించండి" అన్నాడు. హాలంతా నవ్వింది. సభ అయ్యాక వెనక వరసలోని చిన్న డాక్టర్లు, నర్సులు నా చుట్టూ చేరి, "మీరు పోట్లాడి గెలిచిన కేసు ఒకటి చెప్పండి మేడమ్" అన్నారు. అప్పుడు టీ చల్లారుతోందని ఎవరో పిలిస్తే చెప్పడం కుదరలేదు. వాళ్ళ కోసం ఇప్పుడు రాస్తున్నాను.

ఒక మాట ముందే చెప్పాలి. మాది కోయంబత్తూరులోనే పీలమేడు. ఇంట్లో మాట్లాడేది తెలుగు. నా చదువంతా తమిళంలో, ఇంగ్లీషులో సాగింది. తెలుగు అక్షరాలు మాత్రం ముప్పై దాటాక పట్టుబట్టి నేర్చుకున్నాను. విజయవాడ నుంచి పెళ్ళికి వచ్చిన ఒక బంధువు "మీ కోయంబత్తూరు వాళ్ళు మాట్లాడేదీ తెలుగేనా" అన్నందుకు. ఆయన పేరు కూడా గుర్తుంది.

మా వార్డులో నేను మొదటి రోజు నుంచి అడుగుతున్నది ఒకటే. తల్లులకు ఒక గది. నెల తక్కువ బిడ్డ నెలల తరబడి వార్డులో ఉంటుంది. తల్లిని మాత్రం కుట్లు ఆరగానే ఇంటికి పంపేసేవాళ్ళు. దగ్గరివాళ్ళు రోజూ వచ్చి పాలు పిండి ఇచ్చి పోయేవాళ్ళు. దూరం వాళ్ళు ఇంట్లో పిండి, ఐసు పెట్టిన డబ్బాలో ఎవరిచేతో పంపేవాళ్ళు. గది అడిగినప్పుడల్లా చోటు లేదన్నారు. ఆ తర్వాత మా అంతస్తులోనే చోటు దొరికింది. అందులో సోఫాలు వేసి, ఏసీ పెట్టి, బోర్డు మీటింగు రూము చేశారు. దాని ముందు నుంచి నడిచి వెళ్ళాల్సి వచ్చినప్పుడల్లా నేను తల తిప్పుకునేదాన్ని.

ఇంటి నుంచి వచ్చే పాలు తీసుకోవడానికి వార్డు తలుపు పక్కన చిన్న కిటికీ ఉండేది. అక్కడి నర్సు పాలను కొలత గ్లాసులో పోసి, తల్లి పేరు, పాల కొలత పైకి చదివేది. లోపలి నర్సు ఆ మాట విని సీసా మీద చీటీ అంటించేది. ఒక తల్లి పాలు ఇంకో బిడ్డకు పోకూడదని పెట్టిన పద్ధతి. మంచి పద్ధతే. మా హెడ్ నర్సు తెచ్చింది. ఆమెదీ మా ఊరే, సింగానల్లూరు వైపు. ఇంట్లో తెలుగు మాట్లాడే క్రైస్తవ కుటుంబం. వార్డులో నాతో తెలుగులో పోట్లాడగలిగింది ఆమె ఒక్కతే. గొంతు పెద్దది. పని విషయంలో ఆమెకు సాటి నేనెవరినీ చూడలేదు.

ఇక ఆ బిడ్డ సంగతి. తల్లిది అన్నూరు పక్కన పల్లె, తోటలో ఇల్లు. పెళ్ళయిన చాలా ఏళ్ళకు నిలిచిన కడుపు. ఏడో నెలలోనే నొప్పులొచ్చాయి. ఆపరేషను చేసి తీస్తే, నా అరచేతిలో తలా వీపూ పట్టేంత ఆడపిల్ల. మొదట్లో ఊపిరికి మిషను పెట్టాము. దాన్ని దాటి వచ్చింది. ముక్కు దగ్గర కొంచెం ఆక్సిజను, గొట్టంతో పాలు. అక్కడిదాకా బాగానే వచ్చింది. అక్కడే ఆగిపోయింది.

చిన్నవాళ్ళు, వైద్యం చదవనివాళ్ళు కూడా దీన్ని చదువుతారు కాబట్టి రెండు మాటల్లో చెబుతాను. కడుపులో ఉన్న బిడ్డకు ఊపిరితిత్తులతో పని లేదు. అందుకే గుండె మీది రెండు పెద్ద రక్తనాళాలను కలుపుతూ ఒక చిన్న అడ్డదారి ఉంటుంది. దాన్ని డక్ట్ అంటాము. నెలలు నిండి పుట్టిన బిడ్డకు అది త్వరలోనే మూసుకుపోతుంది. నెల తక్కువ బిడ్డకు ఒక్కోసారి మూసుకోదు. అప్పుడు రక్తం ఊపిరితిత్తుల్లోకి ఎక్కువగా పొర్లి, బిడ్డ ఆయాసపడుతుంది. పెరగదు. మందుతో మూయడానికి చూస్తాము. వినకపోతే రొమ్ము పక్కన కోసి దాన్ని కట్టేస్తారు.

ఈ బిడ్డకు మందు రెండు విడతలు ఇచ్చాము. దారి సన్నబడింది గానీ పూర్తిగా మూసుకోలేదు. ఊపిరితిత్తుల్లో నీరు చేరకుండా మూత్రం ఎక్కువ పోయే మందు కూడా నడుస్తోంది. పాలు లెక్కప్రకారం పోతున్నాయి. పాలలో కలిపే బలం పొడిని కడుపు ఉబ్బిందని ఆపి ఉంచాము. బరువు మాత్రం పెరగడం లేదు. రక్తంలో సోడియం తక్కువ, పొటాషియం తక్కువ, క్లోరైడ్ తక్కువ. ఉప్పు చుక్కలు కలిపితే కొంచెం లేచేది, మళ్ళీ పడేది. వార్డులో అందరూ ఒకటే అన్నారు. బిడ్డ పెరగకపోవడానికి కారణం డక్ట్. లవణాలు పడిపోవడానికి కారణం మూత్రం మందు. ఆ మందు ఇస్తున్నది డక్ట్ వల్ల. కాబట్టి డక్ట్ కట్టేస్తే అన్నీ సరిపోతాయి.

గుండె సర్జన్‌తో మీటింగు పెట్టారు. ఆ సోఫాల గదిలోనే. ఆయన చాలా పేరున్న మనిషి, చెయ్యి కూడా మంచిది. గుండె స్కాను, ఎకో, తెర చూసి, "కట్టేద్దాం, వచ్చే వారం" అన్నాడు.

నేను లేచాను. "దారి ఇంత సన్నగా ఉంది. ఇంత చిన్న దారికి ఇంత నష్టమా? ముందు ఈ లవణాలు ఎందుకు పడుతున్నాయో తేల్చి, తర్వాత కత్తి పట్టుకుందాం" అన్నాను.

ఆయన నా వైపు పూర్తిగా తిరగను కూడా తిరగలేదు. "మేడమ్, ఉప్పూ పులుపూ మీరు చూసుకోండి. గుండె మాకు వదిలేయండి" అన్నాడు తమిళంలో.

నవ్వారు. నా మీద కూర్చోబెట్టిన మా పెద్ద డాక్టరు కూడా పళ్ళు కనపడకుండా నవ్వాడు. బిస్కెట్ల ప్లేటు నా దాకా రాకుండానే ఖాళీ అయింది. అది కూడా గుర్తుంది.

ఆ ఆపరేషను అంటే మీకు అలవాటై ఉండవచ్చు. చాలామంది బిడ్డలు తట్టుకుంటారు. కొందరు తట్టుకోరు. ఆ చోట గొంతుకు వెళ్ళే నరం ఒకటి ఉంటుంది. అది దెబ్బతిని, నోరు తెరిచి ఏడుస్తున్నా శబ్దం రాని బిడ్డను నేను చూశాను. అవసరమైతే ఆ ప్రమాదం తీసుకోవాల్సిందే. అవసరమా అన్నదే నా ప్రశ్న.

నాకు సాయం అనుకోని వైపు నుంచి వచ్చింది. మత్తు డాక్టరు కాగితాలు చూసి, లవణాలు ఇంత తక్కువగా ఉంటే ఈ బిడ్డకు మత్తు ఇవ్వనని చెప్పేశాడు. మూత్రం మందు ఆపి, లవణాలు లేచాక రమ్మన్నాడు. ఆపరేషను రోజు మారలేదు గానీ మందు ఆగింది. నాకు కావలసింది అదే. తప్పంతా ఆ మందుదే అయితే, అది ఆగాక లవణాలు లేవాలి కదా.

లేవలేదు.

మొదట నేను ల్యాబు మీద పడ్డాను. మడమ పిండి తీసిన రక్తం సరిగా ఉండదని, సూది వేసి తీసిన రక్తం మళ్ళీ పంపించాను. అంకె మారలేదు. ఇంకోసారి పంపాను. ల్యాబు పెద్దాయన నన్ను తలుపు దగ్గరే నిలబెట్టి, "మేడమ్, మీ అనుమానానికి నా దగ్గర పరీక్ష లేదు" అన్నాడు. అంకెల విషయంలో ఆయనదే రైటు. కుర్చీ వేయకపోవడం మాత్రం రైటు కాదు.

తర్వాత మూత్రం పరీక్షకు పంపాను. మూత్రపిండం ఉప్పును పట్టలేక వదిలేస్తుంటే మూత్రంలో ఉప్పు ఎక్కువ ఉండాలి. ఇక్కడ దాదాపు లేదు. ఆ చిన్న మూత్రపిండాలు దొరికిన ఉప్పునంతా గట్టిగా పట్టుకుని కూర్చున్నాయి. అంటే బయటికి పోవడం లేదు, లోపలికే రావడం లేదు. రక్తంలో యూరియా కూడా బాగా తక్కువ. పాలలోని మాంసకృత్తులు చాలని బిడ్డకు అలా ఉంటుంది. లెక్కప్రకారం కడుపు నిండా పాలు పోస్తున్న బిడ్డకు అలా ఎందుకుండాలి?

హెడ్ నర్సుతో ఈ మాటే అన్నాను. ఆమె సిరంజీలు సర్దుతోంది.

"డాక్టరక్కా, నా నర్సు పిల్లలు పాలు ఒక బొట్టు తక్కువ పోసిరని చెప్తాండారా మీరు?"

"నేనట్లా చెప్పలేదు."

"చెప్పకుండానే చెప్తాండారు. పొద్దున ల్యాబుతో గలాటా, ఇప్పుడు నాతోనా? రేపు ఎవురితో?"

"పాలు ఎంత పోస్తున్నారని నేను అడగలేదు. ఏం పాలు పోస్తున్నారని అడుగుతున్నా."

ఆమె చేతిలో సిరంజీ ఆగిపోయింది. ఇద్దరం ఫ్రిజ్ తెరిచాము. ఆ బిడ్డ పేరున్న సీసా వెలుతురుకు పట్టి చూస్తే, పక్క సీసాలకంటే నీలంగా, పల్చగా ఉంది. మొదట వచ్చే పాలు పల్చగానే ఉంటాయి కాబట్టి అంతమాత్రాన ఏమీ అనలేము. రక్తం తిప్పే చిన్న మిషనులో ఆ పాలను సన్నటి గొట్టంలో పోసి తిప్పించాను. పైన తేలాల్సిన వెన్న గీత, ఉండాల్సిన దానిలో సగం కూడా లేదు.

మర్నాడు పొద్దున కిటికీకి లోపలి వైపు నిలబడ్డాను. వరసలో ఆ బిడ్డ నాయనమ్మ ఉంది. రోజూ అన్నూరు నుంచి మొదటి బస్సుకు పాలు తెచ్చేది ఆమే. మనిషి దిట్టమైనది, గాజుల చేతులు బలమైనవి. అంతకుముందు రోజే వరండాలో ఫోను పట్టుకుని "ఆవులకి తవుడు పెడ్తివా" అని కొడుకుని కేకలేస్తుంటే విన్నాను. మనవాళ్ళే, తెలుగువాళ్ళే అనుకుని అప్పుడు ఊరుకున్నాను.

ఆమె ముందు ఒక పిల్ల నిలబడి ఉంది. ఎవరి అక్కో చెల్లెలో. కిటికీలో నర్సు గ్లాసు ఎత్తి, పేరు చదివి, కొలత చదివి, "ఇవ్వళవుదానా?" అంది. ఇంతేనా అని. చెడ్డగా అనలేదు. అడగాలి కాబట్టి అడిగింది. ఆ పిల్ల తల దించుకుని డబ్బా తీసుకుని పోయింది. వరసంతా ఆ పిల్లనే చూసింది.

తర్వాత నాయనమ్మ. ఆమె గ్లాసు నిండింది. నర్సు కొలత గట్టిగా చదివి, "సూపర్ పాట్టీ" అని ఆ అవ్వను మెచ్చుకుంది. నాయనమ్మ నవ్వలేదు. గ్లాసు వైపు కూడా చూడలేదు.

నేను బయటికి వెళ్ళి, మెట్ల పక్క బెంచీ మీద ఆమె పక్కన కూర్చున్నాను. తెలుగులోనే మాట కలిపాను.

"అవ్వా, ఆవులు ఎన్ని మీకు?"

ఆమె నన్ను పైకీ కిందికీ చూసింది. "నువ్వు మనవాళ్ళా? ఇన్ని దినాలు ఒక్క మాట చెప్పలేదే అమ్మణ్ణీ."

"పనిలో పడి చెప్పలేదు."

"నాలుగుండాయి. పాలు సొసైటీకి పోస్తాము. మా అత్త కాలం నుంచి."

"నీళ్ళు కలుపుతారా?" నవ్వుతూనే అడిగాను.

"ఎవురిని అడుగుతాండావు?" ఆమె గొంతు లేచింది. "సొసైటీలో అందురి ముందర కొలిచి గట్టిగా చెప్తారు. మా పాలని చూసి ఒక్కరు ఒక్క మాట చెప్పింది లేదు. పోయి అడుగు."

"మీ పేత్తికి, మనవరాలికి తెచ్చే పాలల్లో?"

ఆమె కొంగు చివర వేలికి చుట్టుకుంది. విప్పింది. మళ్ళీ చుట్టుకుంది.

"కాచి ఆర్చిన నీళ్ళేదా అమ్మణ్ణీ. చెడ్డ నీళ్ళు కాదు."

నేను బెంచీ మీద ఆమె దగ్గరికి ఇంకొంచెం జరిగాను.

"కోడలికి కుట్లు చీము పట్టి జొరము. పాలు కమ్మి, చాలలేదు. మొదుటి దినము తెస్తిని, ఆ కిటికీలో గట్టిగా చెప్పిరి, ఇంతేదానా అని. ఎనక నిలబడిండేవాళ్ళంతా నన్నే సూసిరి. నా ముందరిది సీసా నిండా తెచ్చిండె. ఇంటికి పోయి అది కోడలికి చెప్తే ఏడ్చి ఏడ్చి ఉండేది కూడా ఎండిపోతుంది. చెప్పలేదు. బస్సు ఎక్కే ముందర నేనే కొంచెము పోస్తిని. తర్వాత దినమూ పోస్తిని."

"ఎంత?"

"సగానికి సగం." వెంటనే నా చెయ్యి పట్టుకుంది. "మా బిడ్డలకంతా ఆవుపాలకి సగం నీళ్ళు పోసే ఇస్తిమి కదా. బాగానే పెరిగిరి. ఇంత చిన్న పొడి పాప్పాకి చిక్కటి పాలు అరుగుతుందా అని కూడా మనసులో ఒక ఎణ్ణము. నేను చేసిందానికేనా అమ్మణ్ణీ, గుండె కోస్తామని చెప్తాండారు?"

ఆవుపాలు చిక్కన. మనిషి పాలు బిడ్డకు సరిపడా ముందే పల్చన. ఆ తేడా ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఇంటికి పంపేటప్పుడు పాలు ఎలా పిండాలో, ఎలా చల్లగా ఉంచాలో చెప్పాము. నీళ్ళు కలపకండి అని చెప్పాలని మాలో ఎవరికీ తట్టలేదు. ఎవరైనా కలుపుతారని అనుకుంటే కదా.

"గుండె కోయరు. కోయనివ్వను" అన్నాను. అన్నాక భయమేసింది. అది నా చేతిలో ఉన్న మాట కాదు.

పెద్ద డాక్టరు దగ్గరకు నేరుగా వెళ్ళాను. విన్నాడు. ముఖం ఎర్రబడింది. "ఇక బయటి పాలు తీసుకోవద్దు. డబ్బా పాలు పెట్టండి. ఆమెను వార్డు దగ్గరికి రానివ్వకండి" అన్నాడు.

"డబ్బా పాలు ఈ కడుపుకు పడతాయా?" అన్నాను.

ఆయనకు తెలుసు. నెల తక్కువ బిడ్డ పేగుకు తల్లిపాలకు మించింది లేదని మాకు పాఠం చెప్పిందే ఆయన.

"నీళ్ళు పోసింది ఆ అవ్వే. పోయించింది మన కిటికీ. సొసైటీలో ఎన్నో ఏళ్ళుగా తలెత్తుకుని పాలు పోసిన మనిషిని వరసలో నిలబెట్టి, నీ ఇంటి పాలు తక్కువ అని పైకి చదివాం. ఆమెను తిట్టేముందు కిటికీ మూయించండి. తల్లిని ఇక్కడికి పిలిపించండి."

"ఎక్కడ పెడతారు మేడమ్? చోటెక్కడుంది?"

ఆ సోఫాల గది తాళం హెడ్ నర్సు దగ్గర ఉంటుందని నాకు తెలుసు. అడిగితే ఆమె ఒక్క ప్రశ్న కూడా వేయకుండా తీసి ఇచ్చింది. కిటికీలో కొలత పైకి చదివే పద్ధతి తను తెచ్చిందని ఆమెకు గుర్తే. ఆ రోజు నుంచి కొలత చదవలేదు. పేరు మాత్రమే చదివించింది. కొలతను లోపలికి తీసుకెళ్ళాక చూసుకున్నారు.

సాయంకాలానికి తల్లి వచ్చింది. జ్వరం తగ్గింది గానీ నీరసంగా ఉంది. ఇంటికి పోయినప్పటి నుంచి బిడ్డను చూడనే లేదు. సోఫా రెండు కలిపి పరుపు వేశాము. మర్నాడు ఆఫీసు వాళ్ళు వచ్చారు. టై కట్టుకున్న ఒకాయన తలుపు దగ్గర నిలబడి, "మేడమ్, ఇది బోర్డు రూము. గురువారం మీటింగుంది" అన్నాడు.

"ఈ గదిలో ఇప్పుడు పాలు వస్తున్నాయి. బోర్డు వస్తే పాలు ఇస్తుందా?" అన్నాను.

ఆయన లోపల చూసి, చటుక్కున తల తిప్పుకుని వెళ్ళిపోయాడు. గురువారం బోర్డు క్యాంటీనులో కూర్చుంది. ఆ రోజు క్యాంటీను వైపు నేను రెండుసార్లు వెళ్ళాను. పనేమీ లేదు, చూద్దామని.

సర్జన్‌కు పెద్ద డాక్టరే ఫోను చేశాడు. నేను పక్కనే నిలబడ్డాను. నీళ్ళు కలిసిన సంగతి చెప్పి, వాయిదా అడిగాడు. సర్జన్ ఎంత నీళ్ళని ఒకటికి రెండుసార్లు అడిగాడు. చివరికి, "వారం ఆగుతాను. అప్పటికీ పెరగకపోతే మళ్ళీ నన్ను ఆపకూడదు" అన్నాడు. న్యాయమైన మాటే. ఒప్పుకున్నాము.

ఆ వారం నేను బయటికి ధైర్యంగా తిరిగాను. లోపల ధైర్యం లేదు. పాలు సరైతే బిడ్డ పెరుగుతుంది, లవణాలు లేస్తాయి. అది నాకు తెలుసు. డక్ట్ మూసుకుంటుందని మాత్రం ఏ పుస్తకమూ హామీ ఇవ్వదు. ఒక్కోసారి దానంతట అది మూసుకుంటుంది, ఒక్కోసారి మూసుకోదు. మూసుకోకపోతే మిగిలేది ఒక్కటే. ఆ మేడమ్ మొండితనం వల్ల బిడ్డకు వారం నష్టమైంది అన్న మాట. దాన్ని ఎవరెవరు ఏ గొంతుతో అంటారో కూడా ఊహించుకుని పెట్టుకున్నాను.

తల్లి మొదట్లో కాసిని పాలే ఇచ్చింది. మిగిలిన కొరతకు పక్క ఊరి తల్లి ఒకామె తన పాలు ఇచ్చింది, పరీక్షలు చేసి తీసుకున్నాము. బిడ్డను తల్లి రొమ్ము మీద, చర్మానికి చర్మం తగిలేలా పడుకోబెట్టాక పాలు పెరిగాయి. నాయనమ్మ రోజూ బస్సెక్కి వచ్చేది. డబ్బా లేకుండా వట్టి చేతులతో వచ్చి, కోడలికి జీలకర్ర కషాయం తాగించి, బెంచీ మీద కూర్చునేది. కోడలికి నీళ్ళ సంగతి తనే చెప్పుకుంది. కోడలు ఏడ్వలేదని, "నాకు ముందరే చెప్పుండొచ్చు కదత్తా" అని మాత్రం అన్నదని నాతో చెప్పింది.

సోడియం లేచింది. మర్నాడు ఇంకా లేచింది. ఈసారి పడలేదు. బరువు కాటా మీద బిడ్డను పెట్టి హెడ్ నర్సు నన్ను కేకేసింది. నేను వచ్చేదాకా బిడ్డను దించలేదు. "సూడండి డాక్టరక్కా, మీకే చూపించాలని పెట్టుండా" అంది. ఆక్సిజను తగ్గించాము. ఇంకా తగ్గించాము.

వాయిదా రోజు పొద్దున సర్జన్ తనే వచ్చాడు, తన కళ్ళతో చూస్తానని. పెద్ద డాక్టరు ఎకో పెట్టాడు. తెర మీద గుండె కొట్టుకుంటోంది. ఆ అడ్డదారి ఉన్న చోట మామూలుగా ఎర్రటి చార ఒకటి ఎగదన్నుతూ కనపడాలి. వారం కిందట కనపడింది. పెద్ద డాక్టరు చెయ్యి కొంచెం జరిపాడు, వంచాడు, మళ్ళీ మొదటి చోటికే వచ్చాడు. సర్జన్ ఆయన చేతిలోంచి ఆ పరికరం తీసుకుని తనే పెట్టి చూశాడు. బిడ్డ కోపంగా కాళ్ళు తన్నింది. గట్టిగా ఏడ్చింది. అద్దం అవతల తల్లీ నాయనమ్మా ఒకరి భుజం ఒకరు పట్టుకుని నిలబడ్డారు.

చార లేదు.

"మూసుకుంది" అన్నాడు సర్జన్. పరికరం తుడిచి పెట్టాడు. నా వైపు పూర్తిగా తిరిగి, "ఈరోజు సోడియం ఎంత మేడమ్?" అని అడిగాడు.

చెప్పాను. ఆయన తల ఊపి, చేతులు కడుక్కుని వెళ్ళాడు. క్షమించమని అడగలేదు. ఆ ప్రశ్న నాకు సరిపోయింది. అంతకుముందు ఎన్నడూ ఆయన ఆ ప్రశ్న అడగలేదు.

చిన్నవాళ్ళకు ఒక మాట నిజం చెప్పాలి. పాలు ఆ డక్ట్‌ను మూశాయని నేను చెప్పను. అది ఎలాగూ మూసుకునేదేమో. నేను గెలిచింది అందులో కాదు. డక్ట్ చేయని తప్పుకు బిడ్డ రొమ్ము కోయలేదు, అంతే. అంకెలన్నీ ఒకేసారి పడుతుంటే, పెద్ద కారణం ఒకటి చేతిలో సిద్ధంగా ఉందని దాని మీదకే తోసేయకండి. గొట్టంలో ఏం పోతోందో, అది ఎవరి ఇంటి నుంచి, ఎలా వస్తోందో అడగండి. విసుక్కుంటారు. నవ్వుతారు. గుర్తుపెట్టుకోండి, కానీ అడగడం ఆపకండి.

గది సంగతి కూడా చెప్పాలి. తల్లి ఉన్నన్నాళ్ళూ సోఫాలు అక్కడే ఉన్నాయి. ఆమె వెళ్ళాక బోర్డు తన గది తనకు కావాలంది. నేను ఇంకో తల్లిని తెచ్చి కూర్చోబెట్టాను. ఆ తర్వాత ఇంకొకరిని. చివరికి విసిగిపోయి సోఫాలు తీసేసి మంచాలు వేశారు. తలుపు మీద తల్లుల గది అని పలక పెట్టినప్పుడు రిబ్బను కత్తిరించడానికి ఎవరినో పిలిచారు. నన్ను పిలవలేదు. నేను పిలవకుండానే వెళ్ళి మొదటి వరసలో నిలబడ్డాను.

బిడ్డ ఇంటికి వెళ్ళే రోజు నాయనమ్మ చిన్న వెండి గిన్నెలో చక్కెర నీళ్ళు తెచ్చింది. మా వైపు పుట్టిన బిడ్డ నాలుక మీద ఇంటి పెద్దవాళ్ళలో ఒకరు ఆ నీళ్ళు రాస్తారు. సేనె పెట్టడం అంటాము. పెట్టినవాళ్ళ గుణం బిడ్డకు వస్తుందని నమ్మకం. ఈ బిడ్డ పుట్టగానే గాజు పెట్టెలోకి పోయింది కాబట్టి ఎవరూ పెట్టలేదు.

"నువ్వే పెట్టాల అమ్మణ్ణీ" అంది గిన్నె చాపి.

"చక్కెర నీళ్ళు వద్దు. ఇక ఏ నీళ్ళూ వద్దు అవ్వా."

ఆమె నాలుక కరుచుకుంది. కోడలు నవ్వి, కొంగు చాటున రెండు చుక్కల పాలు పిండి చెంచాలో పట్టి ఇచ్చింది.

హెడ్ నర్సు బిడ్డ మూట కడుతూ, "అవ్వా, ఇంకోదరం యోచన చేసుకో. ఈ డాక్టరక్క గుణమొస్తే మీ ఇంట్లో ఎవురూ నిమ్మతిగా ఉండలేరు" అంది.

"రానీ" అంది నాయనమ్మ. "తప్పుంటే అడిగే ఆడది ఇంట్లో ఒక్కతె ఉండాల."

చేతులు మళ్ళీ కడుక్కుని, చిటికెన వేలితో ఆ పాలు బిడ్డ నాలుకకు రాశాను. బిడ్డ ముఖం ముడిచింది, రుచి చూసింది, వేలును గట్టిగా పట్టి చప్పరించడం మొదలుపెట్టింది. గొట్టంతో పాలు తాగిన ఆ నోటిలో అంత బలముందని అనుకోలేదు. బయట ఆటో వాడు హారను కొడుతున్నాడు, అన్నూరు బస్సు పోతుందని నాయనమ్మ తొందరపెడుతోంది. బిడ్డ వేలు వదల్లేదు. నేనూ లాక్కోలేదు.